సిరోసిస్ ముదిరిన నాన్నను ఇంట్లో ఎలా చూసుకోవాలి? ఆదోని తమ్ముడి ప్రశ్నకు జవాబు

తమ్ముడూ, మీరు రాసింది మిగతావాళ్లకూ అర్థం కావాలి కాబట్టి ముందు క్లుప్తంగా చెప్తాను. మీ నాన్నగారికి 54 ఏళ్లు. చాలా ఏళ్లుగా తాగుడు అలవాటు ఉంది. పోయిన నెల పొట్ట ఉబ్బితే కర్నూలులో చేర్పించారు, 6 లీటర్ల నీరు తీశారు, డిశ్చార్జి కాగితంలో ‘డీకంపెన్సేటెడ్ సిరోసిస్’ అని, అంటే లివర్ గట్టిపడి తన పని చేయలేని దశకు వచ్చిందని రాశారు. ఎస్‌జీపీటీ అనే లివర్ రక్తపరీక్ష నార్మల్‌గానే ఉంటే లివర్ పాడైందని ఎలా అంటారన్నది మీ మొదటి సందేహం. ఇంటికొచ్చాక ఆయనకు గ్యాస్, మలబద్ధకం, పగలంతా కునుకు. బంధువులేమో పసరు మందు ఇప్పిద్దాం అంటున్నారు. షుగర్ ఉన్న మీ అమ్మగారు కూడా ఏళ్లుగా రోజూ గ్యాస్ మాత్ర వేసుకుంటున్నారు, ఆమెకూ ఇదే వస్తుందేమోనని మీ టెన్షన్.

నేను కర్నూలులో చాలా కాలంగా ఫిజీషియన్‌గా పనిచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో లివర్ జబ్బు వాళ్లే ఎక్కువ. మామూలు మనిషికి గ్యాస్, మలబద్ధకం, నిద్ర తేడా రావడం చిన్న ఇబ్బందులు. లివర్ ఈ దశకు వచ్చిన మనిషికి అవే ప్రమాదానికి గుర్తులు కావచ్చు. ఆ తేడా ఇంట్లోవాళ్లకు తెలిసిన రోగులు ఎక్కువ కాలం బాగుంటారు. ఇది నేను మళ్లీ మళ్లీ చూసిన విషయం.

మొదట ఎస్‌జీపీటీ సంగతి. లివర్ కణాలు ఇప్పుడు ఎంత దెబ్బతింటున్నాయో అది చెబుతుంది, లివర్‌లో ఎంత పని మిగిలిందో చెప్పదు. ఏళ్ల తరబడి దెబ్బతిని గట్టిపడిన లివర్‌లో కొత్తగా పాడవడానికి మిగిలే కణాలే తక్కువ, అందుకే ఆ అంకె నార్మల్‌గా కనిపిస్తుంది. మీ నాన్నగారి రిపోర్టులో చూడాల్సినవి బిలిరుబిన్ (కామెర్ల పరీక్ష), ఆల్బుమిన్ (లివర్ తయారుచేసే ప్రొటీన్), ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే పరీక్ష), క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), సోడియం, ప్లేట్‌లెట్లు. ప్లేట్‌లెట్లు 70 వేలో 80 వేలో ఉంటే మన దగ్గర వెంటనే డెంగీ అనుకుని బొప్పాయి ఆకు రసం మొదలుపెడతారు. జ్వరం లేకుండా నెలల తరబడి తక్కువగానే ఉన్నాయంటే ముందు లివర్‌నూ, పెరిగిన ప్లీహాన్నీ అనుమానించాలి.

పొట్టలోకి నీరు ఎందుకు వస్తుందో తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. పేగుల నుంచి వచ్చే రక్తమంతా పోర్టల్ సిర అనే పెద్ద నాళం ద్వారా లివర్‌లోకి వెళ్లాలి. లివర్ గట్టిపడితే ఆ దారి ఇరుకైపోతుంది. కేసీ కాలువకు అడ్డం పడితే నీరు వెనక్కి తన్ని గట్లు తెంపుకుని పక్క పొలాల్లోకి వెళ్లినట్టు, ఆ రక్తం వెనక్కి తన్ని అన్నవాహికలోని సన్నటి సిరల్లోకి మళ్లుతుంది, అవి ఉబ్బుతాయి. ఆ ఒత్తిడికి శరీరం ఉప్పునూ నీటినీ పట్టి ఉంచుకుంటుంది, అదే పొట్టలో చేరుతుంది. పేగుల్లో పుట్టే అమ్మోనియాలాంటి వ్యర్థాలు లివర్‌లో శుభ్రం కాకుండా మెదడుకు చేరతాయి. పొట్టనీరు, రక్తపు వాంతి, మతి తప్పడం, ముదిరే కామెర్లు: వీటిలో ఏ ఒక్కటి వచ్చినా డీకంపెన్సేటెడ్ అంటారు.

అంటే రోజులు లెక్కపెట్టుకోవడమేనా అని అడిగారు. కాదు. తాగుడు వల్ల వచ్చిన సిరోసిస్‌లో ఈ దశలో మానేసినా కొందరికి కొన్ని నెలల్లో పొట్టనీరు తగ్గి, బిలిరుబిన్ దిగివచ్చి, మందులు కూడా తగ్గించగలిగిన సందర్భాలున్నాయి. అందరికీ అలా జరుగుతుందని చెప్పలేను. కానీ తాగడం ఆపకుండా అలా జరగదు. బీరైతే పర్లేదు, పండక్కి ఒక్క పెగ్గు అనే మాటలు ఇక ఇంట్లో వినపడకూడదు. ఇంకా తాగుతూ ఉంటే మాత్రం ఇంట్లో ఒక్కసారిగా ఆపించకండి. రోజూ ఎక్కువగా తాగేవాళ్లకు హఠాత్తుగా ఆపితే ఫిట్స్ రావచ్చు, మతి చలించవచ్చు. డాక్టరు పర్యవేక్షణలో ఆపించాలి. అవసరమైతే మానసిక వైద్యుల సాయం కూడా తీసుకోవాలి, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

తాగుడు ఉందని మిగతా కారణాలు వెతకడం మానకూడదు. లివర్‌ను పాడుచేసే హెపటైటిస్ బి, సి వైరస్‌ల పరీక్షలు అయ్యాయో లేదో కాగితాల్లో చూడండి. జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం 2018 జూలై 28న మొదలైంది, దాని కింద ఈ పరీక్షలూ మందులూ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. సి ఉంటే మాత్రలతో చాలామందికి పూర్తిగా నయమవుతుంది. బి ఉంటే రోజూ ఒక మాత్రతో అదుపులో ఉంచవచ్చు, అప్పుడు ఇంట్లో అందరూ పరీక్ష చేయించుకుని, లేనివాళ్లు టీకా వేయించుకోవాలి.

ఇప్పుడు ఆయన పగటి కునుకు. మీరు రాసినవాటిలో నన్ను ఎక్కువ కంగారు పెట్టింది ఇదే. రాత్రి మెలకువగా ఉండి పగలు నిద్రపోవడం లివర్ వ్యర్థాలు మెదడును తాకుతున్నాయనడానికి తొలి గుర్తు. తర్వాత మాట తడబడుతుంది, చిన్న విషయానికి చిరాకు వస్తుంది, చేతులు చాచి మణికట్టు పైకెత్తమంటే అరచేతులు రెక్కల్లా కొట్టుకుంటాయి, ఇంకా ముదిరితే స్పృహ తప్పుతుంది. రోజూ పొద్దున ఒక నోటుబుక్కులో తేదీ, తన పేరు రాయించండి. చదువు రానివాళ్లైతే ఒక నక్షత్రం గీయమనండి. నిన్నటికీ ఇవాళ్టికీ గీత వంకర పోతే మీకే తెలిసిపోతుంది. ఈ లక్షణాలున్నన్నాళ్లూ బండి తాళాలు ఆయన చేతికి ఇవ్వకండి.

దీనికీ మలబద్ధకానికీ నేరుగా సంబంధం ఉంది. మలం పేగులో నిలిచేకొద్దీ అమ్మోనియా ఎక్కువగా పుడుతుంది. అందుకే లాక్టులోజ్ సిరప్ రాస్తారు. దాన్ని ఏదో మలబద్ధకం మందు అనుకుని రెండు రోజులు వాడి ఆపేస్తుంటారు. మీ నాన్నగారికి అది మెదడును కాపాడే మందు. రోజుకు రెండు మూడుసార్లు మెత్తగా విరేచనం అయ్యేలా డోసు సర్దుకోవాలి. ఒక్కసారే అయితే కొంచెం పెంచాలి, నాలుగు దాటి నీళ్లలా పోతుంటే తగ్గించి డాక్టరుకు చెప్పాలి. ఇంకో సంగతి, ఆ సిరప్పే కొంత గ్యాస్, పొట్టలో గుడగుడ తెస్తుంది. గ్యాస్ వస్తోందని సిరప్ ఆపి, మూడో రోజు మతి తప్పిన మనిషిని ఆటోలో తెచ్చిన కుటుంబాలను చూసి నాకు ఎంత బాధ కలుగుతుందో చెప్పలేను. సిరప్ వాడుతున్నా మగతగానే ఉంటే రిఫాక్సిమిన్ మాత్ర కలుపుతారు. నిద్ర పట్టడం లేదని నిద్రమాత్ర మాత్రం ఎవరు ఇచ్చినా వేయొద్దు. మగత హఠాత్తుగా పెరిగిందంటే వెనక ఏదో కారణం ఉంటుంది: ఇన్ఫెక్షన్, లోపల రక్తం కారడం, ఒంట్లో నీరు తగ్గడం, పొటాషియం పడిపోవడం. ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.

పొట్ట ఉబ్బరాన్ని కూడా గ్యాస్ అని కొట్టిపారేయకండి. రోజూ పొద్దున కాలకృత్యాలయ్యాక, ఏమీ తినకముందు, ఒకే తూకం యంత్రం మీద బరువు చూసి రాసిపెట్టండి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగిందంటే అది తిండి వల్ల కాదు, నీరు చేరుతోంది. నీరు తగ్గించే మాత్రలు, అంటే స్పైరనోలాక్టోన్, ఫ్యూరోసెమైడ్ వాడేటప్పుడు బరువు తగ్గడానికీ హద్దు ఉంది. కాళ్ల వాపు లేకపోతే రోజుకు అర కిలో, వాపు ఉంటే కిలో వరకు. అంతకు మించితే కిడ్నీ దెబ్బతింటుంది. మన దగ్గర ఏప్రిల్, మే ఎండలకు ఒళ్లు ఎలా ఎండిపోతుందో మీకు తెలుసు. ఆ రోజుల్లో వాంతులో విరేచనాలో పట్టుకుంటే ఈ మాత్రలు ఆ పూట వేయకుండా డాక్టరుకు ఫోన్ చేయండి.

నీరు తీస్తే ఇంకా ఎక్కువగా ఊరుతుంది, మనిషి నీరసించిపోతాడు అని ఊళ్లో చెప్తారు. తీయడం వల్ల ఊరదు, లివర్‌లో అడ్డం అలాగే ఉండటం వల్ల ఊరుతుంది. 5 లీటర్లకు మించి తీసినప్పుడు ప్రతి లీటరుకు 6 నుంచి 8 గ్రాముల లెక్కన ఆల్బుమిన్ ఎక్కిస్తే నీరసమూ, కిడ్నీ ప్రమాదమూ తగ్గుతాయి. తీసిన నీటిని పరీక్షకు పంపడం కూడా ముఖ్యం. జ్వరం, పొట్టనొప్పి, లేదా ఏమీ లేకుండా మనిషి డల్ అయిపోవడం ఆ నీటిలో ఇన్ఫెక్షన్ చేరిందనడానికి గుర్తు కావచ్చు. అప్పుడు ఒక్క రోజు కూడా ఆగకూడదు.

ఉప్పు గురించి ఎక్కువ రాయాలి, మన రాయలసీమ వంటల్లో తప్పేది అక్కడే. రోజు మొత్తానికి 5 గ్రాములు, అంటే సుమారు ఒక టీస్పూను. వంటలో వేసేది తగ్గిస్తే సరిపోదు. ఊరగాయ, ఊరబిండి, రొట్టెలోకి పెట్టుకునే ఎర్రకారం, చట్నీ పొడులు, అప్పడాలు, ఉగ్గాని పక్కన బజ్జీలు, బేకరీ సరుకు, అన్నిట్లోనూ ఉప్పుంది. బొరుగుల్లో కూడా ఉప్పు కలుపుతారు. సైంధవ లవణం కూడా ఉప్పే. తక్కువ సోడియం ఉప్పు అని అమ్మేదానిలో పొటాషియం ఉంటుంది, స్పైరనోలాక్టోన్‌తో కలిస్తే అది గుండెకు ప్రమాదం. కొబ్బరినీళ్లు ఎక్కువగా తాగించడమూ అంతే. గ్యాస్ పట్టేసిందని నీళ్లలో బుసబుస పొంగే పొడి కలిపి తాగుతుంటారు కదా, అందులో సోడియం చాలా ఉంటుంది. ఉబ్బరం పోతుందని తాగితే పొట్టలో ఇంకాస్త నీరు చేరుతుంది. తాగే నీళ్లు మాత్రం అనవసరంగా కట్టడి చేయకండి. రక్తంలో సోడియం బాగా పడిపోయినప్పుడు, అదీ డాక్టరు చెబితేనే తగ్గించాలి.

ఉప్పు తగ్గించమన్నారని తిండే తగ్గించేస్తారు, అది ఇంకా పెద్ద నష్టం. పత్యం పేరుతో నెల రోజులు చారన్నం, మజ్జిగన్నం పెట్టి, పప్పు, గుడ్డు, మాంసం మాన్పిస్తే చేతులు పుల్లల్లా అయిపోతాయి. ఈ జబ్బులో కండే మనిషిని నిలబెడుతుంది, అమ్మోనియాను శుభ్రం చేసే పనిలో కండ కూడా పాలు పంచుకుంటుంది. పొట్టనీరు తీసేసి చూసిన అసలు బరువుకు, కిలోకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలి. 60 కిలోల మనిషికి రోజుకు 72 నుంచి 90 గ్రాములు. పప్పు, పెరుగు, పాలు, గుడ్లు, నూనె తక్కువగా వండిన కోడి, చేప పెట్టండి. సంగటి, జొన్నరొట్టె, కొర్రన్నం ఏవైనా తినవచ్చు, పక్కన ఏం వేసుకుంటున్నారన్నదే ప్రశ్న. మూడు పూటలు కాకుండా ఐదారుసార్లు కొంచెం కొంచెంగా పెట్టండి. పడుకోబోయే ముందు తప్పకుండా ఏదో ఒకటి, పాలు పోసిన రాగిజావో, రెండు ఇడ్లీలో తినిపించండి. ఈ జబ్బున్న ఒంటికి ఒక్క రాత్రి ఖాళీ కడుపు మామూలు మనిషికి రెండు మూడు రోజుల పస్తుతో సమానం. శనివారం ఒక్కపొద్దు అయినా, రంజాన్ ఉపవాసమైనా ఈ దశలో వద్దు.

బుడ్డలు (వేరుశనగలు) తినొచ్చా అని చాలామంది అడుగుతారు. తినొచ్చు. కానీ బూజు పట్టినవి, ముడుచుకుపోయి రంగు మారినవి, చేదుగా ఉన్నవి ఏరి పారేయాలి. వాటిలో ఉండే అఫ్లాటాక్సిన్ లివర్ క్యాన్సర్‌కు కారణమవుతుంది. కళ్లంలో తడిసిన బుడ్డలు పారేయడానికి మనసొప్పదని తెలుసు, అయినా ఈ ఇంట్లో ఆ చట్నీ చేయొద్దు. సిరోసిస్ ఉన్నవాళ్లు క్యాన్సర్‌ను తొలిదశలో పట్టుకోవడానికి ఆరు నెలలకోసారి పొట్ట స్కానింగ్ చేయించుకోవాలి. నొప్పి లేకపోయినా చేయించాలి.

రక్తం సంగతి. మీ నాన్నగారికి ఎండోస్కోపీ అయిందో లేదో మీరు రాయలేదు. కాకపోతే ఆలస్యం చేయకండి. అన్నవాహికలో సిరలు ఉబ్బి ఉంటే రబ్బరు బ్యాండు వేయవచ్చు, లేదా కార్వెడిలాల్, ప్రొప్రనొలాల్ లాంటి మాత్రలతో ఒత్తిడి తగ్గించవచ్చు. రక్తపు వాంతి అయినా, మలం తారులా నల్లగా, జిగటగా, చెడు వాసనతో వచ్చినా అది వేడి చేయడం కాదు, పైల్స్ కాదు. ఐరన్ మాత్రలు వాడితే కూడా మలం నల్లబడుతుంది నిజమే, కానీ సిరోసిస్ రోగి విషయంలో ఆ లెక్క ఇంట్లో వేయొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. నోటికి ఏమీ ఇవ్వకండి, ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఆదోని నుంచి కర్నూలుకు సుమారు 100 కిలోమీటర్లు. నేరుగా బయల్దేరకుండా ముందు ఆదోని ప్రభుత్వ ఆసుపత్రిలో సెలైన్, ఇంజెక్షన్లు మొదలుపెట్టించుకుని అప్పుడు కర్నూలు సర్వజన వైద్యశాలకు రావడం ప్రాణానికి మంచిది. ఏ సిరోసిస్, ఏ మందులు అన్న కాగితం జేబులో ఉంచుకోండి.

పసరు విషయంలో మీ బంధువులతో గొడవ పడకండి, కానీ ఒప్పుకోకండి. కామెర్లకు పసరు పనిచేసిందని చాలామంది నమ్మడానికి కారణం ఉంది. కలుషిత నీటి వల్ల వచ్చే హెపటైటిస్ ఎ, ఇ కామెర్లు చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి. ఆ మధ్యలో పసరు తాగితే పేరు పసరుకు వస్తుంది. మీ నాన్నగారి జబ్బు ఆ రకం కాదు. ఏ ఆకు ఎంత వేశారో తెలియని రసం ఆయనకు మిగిలిన ఆ కాస్త లివర్‌నూ పోగొట్టవచ్చు. రోగనిరోధక శక్తి పెరుగుతుందని తాగిన తిప్పతీగ వల్ల కూడా లివర్ దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే నమోదయ్యాయి. ఇంకో ప్రమాదం ఆర్‌ఎంపీ దగ్గర కాళ్లనొప్పులకు వేయించుకునే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్. అదీ, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ మాత్రలూ కిడ్నీని దెబ్బతీస్తాయి, రక్తస్రావం తెస్తాయి. నొప్పికో జ్వరానికో పారాసిటమాల్ 500 మాత్ర, రోజుకు నాలుగు దాటకుండా వాడవచ్చు. లివర్ జబ్బుకు పారాసిటమాల్ విషం అని భయపడి నొప్పుల ఇంజెక్షన్ వేయిస్తుంటారు, అసలు ప్రమాదం ఇంజెక్షన్‌తోనే.

లివర్ మార్పిడి గురించి ఇప్పుడే అడగడం తొందరపాటు కాదు. బిలిరుబిన్, ఐఎన్ఆర్, క్రియాటినిన్, సోడియంతో జబ్బు ఎంత ముదిరిందో చెప్పే మెల్డ్ స్కోరు లెక్కిస్తారు, అది 15 దాటితే మార్పిడి కేంద్రంలో ఒకసారి చూపించమంటాం. ఇంట్లోవాళ్లు ఎవరైనా లివర్‌లో కొంత భాగం ఇవ్వవచ్చు, లేదా ప్రభుత్వ అవయవదాన కార్యక్రమం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించుకుని దాత కోసం ఎదురుచూడవచ్చు. చాలా కేంద్రాలు తాగుడు మాని కొన్ని నెలలైందా అని అడుగుతాయి, కాబట్టి మానిన తేదీ రాసిపెట్టుకోండి. ఏ చికిత్స ఎన్టీఆర్ వైద్య సేవ కిందికి వస్తుందో ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి.

ఇక అమ్మగారు. గ్యాస్ వల్ల సిరోసిస్ రాదు, ఆ భయం పెట్టుకోకండి. కానీ షుగర్, నడుము చుట్టూ కొవ్వు ఉన్నవాళ్లకు ఫ్యాటీ లివర్ ఉండే అవకాశం ఎక్కువ, అది చుక్క మందు తాగకుండానే కొందరిలో సిరోసిస్‌గా మారుతుంది. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, ప్లేట్‌లెట్లు చేయిస్తే వయసుతో కలిపి ఫిబ్-4 అనే లెక్క కట్టి లివర్ గట్టిపడిందో లేదో చాలావరకు అంచనా వేయవచ్చు. గట్టిపడే ప్రమాదం ఉంటే ఒంటి బరువులో 7 నుంచి 10 శాతం తగ్గించుకోవడమే మొదటి మందు.

ఆమె వేసుకునే గ్యాస్ మాత్ర పాంటాప్రజోల్ చెడ్డ మందు కాదు, ఎందుకు వేసుకుంటున్నారో తెలియకుండా ఏళ్ల తరబడి వాడటమే సరికాదు. గుండెల్లో మంట, పులితేన్పులు ఉంటే పొద్దున టిఫిన్‌కు అరగంట ముందు వేసుకోవాలి, తిన్నాక వేస్తే సగం పని చేయదు. తిన్న వెంటనే పొట్ట బరువు, పైకడుపు మంట నెలల తరబడి ఉంటే హెలికోబాక్టర్ పైలోరీ పరీక్ష అడగండి. ఆ బ్యాక్టీరియా ఉంటే రెండు వారాల మందుల కోర్సుతో చాలామందికి పోతుంది. కుడి పక్క పక్కటెముకల కింద పట్టేసినట్టు నొప్పి వస్తే పిత్తాశయంలో రాళ్లు చూడాలి. పాలు తాగిన రోజే ఉబ్బరం వస్తుంటే రెండు వారాలు పాలు ఆపి చూడండి. రాత్రి తొమ్మిదిన్నరకు తిని పదింటికి పడుకునే అలవాటు మార్చి, తిండికీ పడకకూ మధ్య రెండు మూడు గంటలు ఉంచితే చాలామందికి మాత్ర అవసరమే తగ్గుతుంది. బరువు తగ్గిపోవడం, ముద్ద మింగడం కష్టం కావడం, రక్తం తగ్గడం, ఆగని వాంతులు, నల్లటి మలం ఉంటే మాత్రలతో కాలం గడపకుండా ఎండోస్కోపీ చేయించాలి. షుగర్ ఉన్న ఆమెకు ఎప్పుడైనా గ్యాస్ పట్టేసినట్టు ఛాతీలో బరువు, చెమట, ఆయాసం వస్తే సోడా తాగించి చూద్దాం అనుకోకండి, ముందు ఈసీజీ తీయించండి.